నీలం అంటని చోటు

పంటికి పెట్టిన కొత్త తొడుగు టీచరమ్మ నాలుక కోసింది. ఆ తప్పు తన నెత్తిన పడిందంటూ, తొడుగులకు పాలిష్ పెట్టే అమ్మాయి డిటెక్టివ్ ముందు కుర్చీ అంచున కూర్చుంది. పళ్ల ల్యాబ్ ఆమె మేనమామది. గరుకు తొడుగు పంపిన మనిషిని ఉంచుకుంటే ఇకమీదట పని ఇవ్వనని పెద్ద డాక్టర్ తేల్చేశాడు. సాయంత్రానికల్లా ఆమెను మాన్పించేస్తానన్నాడు మేనమామ.

"పని పోతే ఇంకోటి వెతుక్కుంటాను సార్. చేతికి అంటిన మచ్చ పోదుగా," అంది.

డిటెక్టివ్ చెప్పులు తొడుక్కున్నాడు. ఇక ఉడుంపట్టేనని సహాయకుడికి అర్థమైంది.

క్లినిక్‌లో పెద్ద డాక్టర్ ముక్తసరిగా చెప్పాడు. తొడుగు పెట్టి, ఎత్తున్న చోట రంగు అంటించే నీలం కాగితం కొరికించి చూస్తే నాలుక వైపు ఒకచోట కాస్త ఎత్తు తగిలింది. అంతలో పక్కగదిలో ఇంకో రోగి పిలిచాడు. తిరిగొచ్చేసరికి టీచరమ్మ నోట్లో రక్తం. ఆ కాసేపూ కుర్చీ దగ్గరున్నది కొత్తగా డాక్టరైన తన తమ్ముడు. తాను తొడుగును ముట్టనే లేదని అతనన్నాడు, చూపు మాత్రం నేల మీదే ఉంచి.

తీసేసిన తొడుగు కడగకుండా డబ్బాలోనే ఉంది. డిటెక్టివ్ దాన్ని భూతద్దం కింద చాలాసేపు తిప్పాడు. తరవాత సహాయకుడు వంగి చూశాడు. నున్నటి పైభాగాన లేత నీలం వలయం, దాని నడుమ తెల్లటి గరుకు మచ్చ. గరుకు ఉన్నమాట నిజమే. అమ్మాయి పని గోవిందా అనుకున్నాడు.

సాయంత్రం అందరినీ ల్యాబ్‌కు పిలిపించాడు డిటెక్టివ్. ఇంకా పాలిష్ పెట్టని తొడుగొకటి అడిగి తీసుకుని, దాని మీద నీలం కాగితం అద్దాడు. గరుకు నీలాన్ని తాగేసింది, తుడిచినా వదల్లేదు.

"టీచరమ్మ తొడుగు ఇక్కణ్ణుంచే గరుకుగా వెళ్లుంటే, మధ్య మచ్చకే ముందు నీలం అంటేది," అన్నాడు. "చుట్టూ ఉంది, మధ్యలో లేదు. అంటే కాగితం కొరికించాకే అక్కడ అరగదీశారు. అరగదీసి, నున్న చేయకుండా మళ్లీ నోట్లో పెట్టారు. అప్పుడు కుర్చీ దగ్గరున్నది ఒక్కరే."

తమ్ముడి మొహంలో కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు. అన్నయ్య వచ్చేలోగా ఎత్తు తగ్గించి మెప్పు పొందాలనుకున్నాడట. సరిపోయిందో లేదో చూసి పాలిష్ పెడదామనుకునేలోపే ఆవిడ నాలుకతో తడుముకుంది. తరవాత నోరు పెగల్లేదు.

"నీ నోరు పెగలక ఈ పిల్ల నోటికాడ కూడు లాగేశావు కదరా," అన్నాడు అన్న. తమ్ముడు ఆమె ముందుకొచ్చి తప్పు తనదేనన్నాడు.

మేనమామ గొంతు సవరించుకున్నాడు. "రేపట్నుంచి మామూలుగా వచ్చెయ్యమ్మా."

"రేపటిదాకా ఎందుకు మామయ్యా? పాపం, ఆవిడ పన్ను బోసిగా ఉంది."

క్లినిక్ నుంచి తెచ్చిన టీచరమ్మ తొడుగు అందుకుని అమ్మాయి తన బల్ల దగ్గరకు నడిచింది. పాలిష్ పెట్టే రబ్బరు చక్రం తిరగసాగింది.