కానుకకి స్టాంపు

కొరియాలోని చోంజు ఊళ్లో మా సందు చివరి చర్చిలో తెల్లవారుజాము ప్రార్థన ముగిసిందంటే చాలు, కింది అంతస్తులో కాఫీ మిషను బుస్సుమంటుంది. పాస్టర్ సొక్ గారు మెట్లు దిగి లైట్లు వేస్తారు. ఆయన భార్య సున్నే గారు ఏప్రన్ కట్టుకుంటారు. కప్పు రెండువేల వన్‌లు. సందంతా అక్కడే తాగుతుంది.

సరిగ్గా ఎదురుగా ఇంకో కాఫీ కొట్టుంది. అది వాళ్ల ఒక్కగానొక్క కూతురు బోరంది. అక్కడ కప్పు మూడున్నర వేలు. మరి అద్దె కట్టాలి, పన్ను కట్టాలి. చర్చికి ఆ రెండూ లేవు. పైగా బోరం కొట్టు ముందు తెరిచింది, చర్చి కాఫీ మొన్న మొన్న వచ్చింది. కొట్టు ఉంచుతావా, ఖాళీ చేస్తావా, ఈ సాయంత్రంలోగా తేల్చమని ఆమె ఇంటి ఓనరు కూర్చున్నాడు.

అదే రోజు సున్నే గారి చేతులు ఒకచోట నిలవడం లేదు. కౌంటరు తుడిచిందే తుడుస్తున్నారు. మున్సిపల్ ఆఫీసు నుంచి తనిఖీకి వస్తున్నారు మరి! కింది అంతస్తుని ‘సహవాసపు గది’ అని రాయించి ఆస్తి పన్ను మినహాయింపు తెచ్చుకున్నారు. అది కొట్టేనని ఎవరో ఫిర్యాదు చేశారు.

సంఘపెద్ద మ్యాంగ్ గారు ధరల బోర్డు పీకి బల్ల కింద తోశారు. పై నుంచి కానుక పెట్టె మోసుకొచ్చి కౌంటరు మీద పెట్టారు.

“అమ్మగారూ, ధర మాట ఎత్తకండి. ‘మీకు తోచింది వేయండి’ అనండి. అంతే.”

“నా నోటికి అలవాటు లేదయ్యా!”

అప్పుడే బోరం లోపలికొచ్చింది. బోర్డు కాళ్ల దగ్గర కనిపించింది.

“ఇదేం నాటకమమ్మా?”

“నువ్వు ఊరుకోవే తల్లీ. ఎవరో కుళ్లుబోతు...”

“కుళ్లుబోతు కాదు, నేనే. పేరు కూడా రాసే ఇచ్చాను.”

సున్నే గారి చేతిలో గుడ్డ జారిపోయింది. పాస్టరు గారి ముఖం ఎర్రబడింది.

“కన్నతండ్రి చర్చి మీద ఫిర్యాదా? సిగ్గు లేదటే? ఈ డబ్బుతో ఎంతమంది ముసలివాళ్లకి మధ్యాహ్నం భోజనం పెడుతున్నామో తెలుసా?”

“తెలుసు నాన్నా. ముల్లంగి తరిగింది నేనే కదా! పెట్టండి, నేను వద్దన్నానా? కానీ నా పొట్ట కొట్టి పెట్టమని ఏ వాక్యంలో ఉంది? నేను పన్ను కట్టి కప్పు అమ్మాలి, మీరు కట్టకుండా నా ఎదురుగా అమ్మాలి. నాది కొట్టు, మీది ఆరాధనా?”

“మాటలు తిన్నగా రానీ!”

“మీరు నిజం తిన్నగా చెప్పండి, నేను నోరు మూసుకుంటాను.”

తలుపు గంట మోగింది. ఆఫీసరు కుర్రాడు తల వంచి నమస్కరించి, బూట్లు తుడుచుకుని లోపలికొచ్చాడు. గొడవ ఠక్కున ఆగిపోయింది. బోరం గోడవారగా నిలబడింది.

“ఇక్కడ కాఫీ అమ్ముతారా అండీ?”

“అబ్బే! విశ్వాసుల సహవాసం,” అని మ్యాంగ్ గారు అందుకున్నారు. “ఇష్టమైనవాళ్లు కానుక వేస్తారు.”

పాస్టరు గారు నేల చూస్తున్నారు. సున్నే గారు ఓ కప్పు చేసి ఇచ్చారు. అతను నోట్లు తీసి పెట్టెలో వేశాడు. ఆ చప్పుడు వినబడిందో లేదో, ఆవిడ చెయ్యి దానంతటదే సొరుగులోకి పోయింది. చిన్న కార్డు తీసి, టక్కున స్టాంపు కొట్టి, చిరునవ్వుతో చేతికిచ్చారు.

“పది నిండితే పదకొండోది ఫ్రీ బాబూ!”

ఆఫీసరు కార్డు అటూ ఇటూ తిప్పి చూశాడు.

“కానుకకి స్టాంపు వేస్తారా అమ్మా?”

సున్నే గారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. మ్యాంగ్ గారు దగ్గారు. బోరం నవ్వలేదు, తండ్రినే చూస్తోంది. ఆయన వంగి బల్ల కిందనుంచి బోర్డు లాగి, గోడకి తగిలించారు.

“ఇది కొట్టే బాబూ. అలాగే రాసుకోండి. పైన చర్చి, కింద కొట్టు. ఎంత పడితే అంత కడతాం.”

“పాస్టరు గారూ! భోజనాల మాటేమిటి?” అని మ్యాంగ్ గారు లబలబలాడారు.

“పన్ను పోగా మిగిలినదాంతో పెడదాం. చాలకపోతే ఆదివారం నేనే జోలె పడతాను. అబద్ధం మీద వండిన అన్నం పెట్టలేనయ్యా.”

ఆఫీసరు వెళ్లాక పాస్టరు గారు సందు దాటారు. కూతురి కొట్టు గడప తొక్కడం ఆయనకదే మొదలు. ఎత్తు స్టూలు మీద ఇబ్బందిగా కూర్చుని, వద్దంటున్నా వినకుండా మూడున్నర వేలూ కౌంటరు మీద పెట్టారు.

బోరం కప్పు ముందుంచింది. ఆయన తాగలేదు, రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నారు.

“రోజూ చీకటితో లేచి నీ కొట్టు బాగుండాలని ప్రార్థన చేసేవాణ్ణే తల్లీ. ఆమెన్ అనేసి, కిందికి దిగి, ఆ లైట్లు నేనే వేసేవాణ్ణి.”

బోరంకి ఏడుపు ఆగలేదు. ఆయనా కళ్లజోడు తీసేశారు.

ఫోను మోగింది. ఇంటి ఓనరు. ఏం తేల్చావని అడుగుతున్నాడు. బోరం తండ్రి వంక చూసి ముక్కు తుడుచుకుంది.

“ఉంటానండీ,” అంది. “ఇంకొన్నాళ్లు చూస్తాను.”

పాస్టరు గారు అప్పుడు మొదటి గుక్క తాగారు.

“మీ అమ్మ కాఫీ కంటే బాగుందే,” అన్నారు మెల్లిగా. “దానికి చెప్పకు.”