పదకొండు దాటాక వెలిగే కిటికీ

ఆ ఇంటి నేలమాళిగకి వీధిలో మంచి పేరు లేదు. రాత్రి పదకొండు దాటాక నేలబారుగా ఉన్న దాని కిటికీలో దీపం వెలుగుతుందట... తెల్లటి ఆకారమొకటి రెండు చేతులూ పైకెత్తి, దించి, మళ్ళీ ఎత్తుతుందట. పిల్లలు పగటిపూట కూడా ఆ పక్కన నడవరు.

మా పిన్ని కూతురు పోయి పోయి ఆ ఇంట్లోనే చేరింది. పరాయి దేశం. ఒప్పందం కాగితం మీద ముచ్చటగానే ఉంది — ఇంట్లో పెద్దకూతురిలా ఉంటూ ఇద్దరు పిల్లల్ని చూసుకోవాలి, సాయంత్రాలు అక్కడి భాష క్లాసుకి వెళ్ళొచ్చు. ఏడాది చివర ఆ భాషలో పరీక్ష గట్టెక్కితే నర్సింగ్ సీటు. లేకపోతే పెట్టె సర్దుకుని ఇంటిదారి.

మూడు నెలలైంది. క్లాసు మొహం చూస్తే ఒట్టు.

"ఈ ఒక్క వారం ఓపిక పట్టమ్మా, నువ్వు మా ఇంటి పిల్లవే కదా," అంటుంది ఇంటావిడ ప్రతివారమూ. "నీకు ముందొచ్చిన వాళ్ళకి చదువు మీద ధ్యాసే లేదు. అందరూ పరీక్ష తప్పి పోయారు."

ఆ మాట తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. పిల్లలు పడుకున్నాక గిన్నెలు, గిన్నెలయ్యాక బట్టలు. వాషింగ్ మెషీనూ, ఇస్త్రీ బల్లా ఎక్కడున్నాయనుకున్నారు? ఆ నేలమాళిగలోనే.

"అక్కా, కిందికి వెళ్ళకు," అన్నాడు ఏడేళ్ళ పిల్లాడు, దుప్పటి ముక్కుదాకా లాక్కుని. "అక్కడ తెల్లది ఉంటుంది."

"నువ్వు చూశావా?"

"నేను చూళ్ళేదు... పక్కింటి మామ్మ చూసింది."

ఇక చూడండి మా పిల్ల అవస్థ. రోజూ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని మెట్లు దిగడం, కిటికీకి వీపు పెట్టి ఇస్త్రీ చేయడం. గొట్టంలో నీళ్ళు కదిలినా ఉలికిపాటే.

ఓ రాత్రి పక్కబట్టలన్నీ ఉతికింది. పన్నెండు కావస్తోంది. ఇంకా మడతపెడుతూనే ఉంది.

బయట కంకర మీద అడుగు చప్పుడు. ఒకటి... ఆగి, ఇంకొకటి...

తిరిగి చూడకూడదనుకుంది. చూసింది.

కిటికీ అద్దానికి ఓ మొహం అతుక్కుని ఉంది! ముడతలు... విరబోసిన తెల్లజుట్టు...

మా పిల్ల కెవ్వుమంది. అద్దం అవతల మొహం కూడా కెవ్వుమంది!

టార్చిలైటు కిందపడిన చప్పుడు. దెయ్యానికి టార్చిలైటెందుకు? పక్కింటి మామ్మ!

మా పిల్ల కిటికీ తీసింది.

"నువ్వు... మనిషివేనా?" టార్చి కోసం తడుముకుంటూ అడిగింది మామ్మ.

"మనిషినే మామ్మగారూ. ఇక్కడ పిల్లల్ని చూసుకుంటాను."

"మరి మీ ఇంటావిడ, రాత్రిళ్ళు ఆ గదిలో ఎవరూ ఉండరంటుందే? పాత ఇల్లు కదా, ఏదో తిరుగుతోందేమో అంది."

మా పిల్ల తన చేతుల్లోకి చూసుకుంది. చేతులు పైకెత్తి దులిపి మడతపెడుతున్న తెల్లదుప్పటి ఇంకా అక్కడే ఉంది. ఇన్నాళ్ళూ తను వణికి చచ్చింది తనకేనన్నమాట! నవ్వొచ్చింది.

"నాలుగేళ్ళ నుంచీ చూస్తున్నానమ్మా నిన్ను," అంది మామ్మ.

నవ్వు ఆగిపోయింది.

"నేనొచ్చి... మూడు నెలలేనండీ."

ఏడాదికో పిల్ల. పరీక్ష తప్పినవాళ్ళంతా ఈ దుప్పట్లే మడతపెట్టారు. ఇంట్లో మనిషి చేత అర్ధరాత్రి దాకా చాకిరీ చేయిస్తున్నానని ఒప్పుకోవడం కన్నా, దెయ్యం ఉందని చెప్పుకోవడమే ఇంటావిడకి హాయిగా ఉంది!

భయం ఎటు పోయిందో పోయింది. ఇస్త్రీపెట్టె ప్లగ్గు పీకేసి, బట్టల బుట్ట ఎత్తుకుని మెట్లెక్కింది. వీధి తలుపు తీసి మామ్మని లోపలికి పిలిచింది. మామ్మ వెంట రాగా పైకెళ్ళి, ఇంటావిడ పడగ్గది తలుపు దబదబా బాదింది.

"ఏంటీ గోల?" అంటూ తలుపు తీసిన ఇంటావిడకి వెనకున్న మామ్మ కనబడింది. మొహం పాలిపోయింది.

"కింద దెయ్యం ఉందటండీ. మామ్మగారు నాలుగేళ్ళ నుంచీ చూస్తున్నారట."

బుట్ట ఆవిడ కాళ్ళ దగ్గర పెట్టింది.

"రేపట్నుంచి నేను క్లాసుకి వెళ్తున్నాను. ఇస్త్రీ దానిచేతే చేయించుకోండి."