నాలుగు చాలన్నవాడు

ముప్పై ఏళ్లుగా నా షెడ్డులో కోత యంత్రం మీంచి ఒక్క చెక్కముక్క ఎగిరిన పాపాన పోలేదు. కావాలంటే ఎవరినైనా అడగండి.

ప్లైవుడ్ షీటులో బొమ్మలు కోసే సీఎన్‌సీ రౌటర్ అది. బొమ్మ చుట్టూ పూర్తిగా కోసేస్తే, చివర్లో ముక్క వదులై తిరిగే బిట్టుకు తగిలి పాడవుతుంది. అందుకే అక్కడక్కడా గోరంత చెక్కను కోయకుండా వదులుతాం. వాటిని ట్యాబులంటాం. తర్వాత ఉలితో తెంపి, ఆకురాయితో నున్నగా రాయాలి.

యంత్రం నడిపేది నా మేనల్లుడు. పనిలో రాక్షసుడు, మాటలో మొద్దు.

పిల్లలకు చెక్కబొమ్మలు చేసి అమ్మే ఒక అమ్మాయి మా దగ్గరికి వచ్చేది. డిజైన్ తనే గీసేది. మొదటిరోజే మావాడు కంప్యూటర్ చూసి మొహం చిట్లించాడు.

"ఏనుక్కి పద్నాలుగు ట్యాబులేంటండీ? నాలుగు చాలు."

"ఊడిపోతే?"

"ఊడవు. ఇవన్నీ ఎవరు తెంపుతారు?"

"నేనే కూర్చుని తెంపుకుంటాను. మీ సొమ్మేం పోయింది?"

మూడు నెలలు అలాగే తెచ్చింది, అలాగే తెంపుకుంది. మావాడు సణుగుతూనే బల్లకు ఇవతల కూర్చుని సగం తెంపేవాడు. జుట్టు నిండా చెక్కపొడితో ఇద్దరూ నవ్వుకునేవారు.

ఒకరోజు వీడు ఘనకార్యం చేశాడు.

"ఫైలు నేనే సరిచేశానండీ. ఏనుక్కి నాలుగే. పది నిమిషాల్లో వెళ్లిపోవచ్చు."

ఆ అమ్మాయి ఉలి కింద పెట్టింది. "నేను త్వరగా వెళ్లిపోతే మీకు హాయి. ఇన్నాళ్లూ తెలీలేదు."

అప్పట్నుంచి నాలుగే. రావడం, తీసుకోవడం, పోవడం.

"మామయ్యా, నేనేమన్నానని?" అన్నాడు వీడు.

"నీ తెలివికి ఇంకేం అనాలిరా?" అన్నాను.

ఆమె కూర్చునే స్టూలు మీద ఎవరినీ కూర్చోనిచ్చేవాడు కాదు. రోడ్డు మీద ఏ స్కూటీ చప్పుడైనా తల తిప్పేవాడు. అలా తిప్పిన ఒక రోజు ట్యాబులే పెట్టడం మరిచాడు. చెక్క ఏనుగు లేచొచ్చి నా టీ గ్లాసు పగలగొట్టింది. అవును, ఎగరలేదన్నాను. ఆ ముప్పై ఏళ్లూ నా కోతలే. యంత్రం కొని నాలుగేళ్లు.

ఆ వారమే ఆమె చెప్పింది. "వచ్చే నెల సొంత మిషన్ కొంటున్నాను. ఇక్కడ ఇదే ఆఖరి షీటు."

ఆఖరి షీటు కోసే రోజు నేను టీకని బయటికి వెళ్లాను. యంత్రం ఆగింది. ఆమె ఏనుగును పైకి తీయబోయింది. కదల్లేదు. లెక్కపెట్టింది.

"ముప్పై ఆరు. నాలుగు చాలని ఎవరో అన్నారుగా?"

"వాడికి బుద్ధి లేదండీ."

"ఇవన్నీ తెంపేసరికి పొద్దుగూకుతుంది."

"గూకనివ్వండి. రేపట్నుంచి రారు కదా." వాడు ఉలి ఆమె వైపు జరిపాడు. "మీరు లేని రోజు ఈ బల్ల చూడలేకపోతున్నాను."

ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది. ఒక ట్యాబు తెంపింది. చాలా నెమ్మదిగా ఇంకొకటి.

"మిషన్ అయితే కొంటున్నాను. నడపడం రాదు."

"నేర్పడానికి వారం చాలు."

ఆమె తలెత్తి చూసింది.

"కాదండీ," అన్నాడు వీడు గబగబా. "ఏళ్లు పడుతుంది."

"అలా అనండి," అంది.

నేను కల్పించింది ఇంకొకటుంది. టీకి వెళ్లలేదు. షీట్ల దొంతర వెనకాల తుమ్ము ఆపుకుంటూ నిలబడ్డాను.