ఎబెనేజర్ కుండ, ఎల్సీ ముక్కు

ఎబెనేజర్‌కు ముక్కు ఉంది గానీ వాసన లేదు. కరోనా జ్వరం వచ్చి తగ్గింది గానీ, పోతూ పోతూ దాన్ని వెంట తీసుకుపోయింది. ఆ సంగతి మరిచి, లక్డారంలో తన కిరాయి గది ముందు, మెట్ల మూల రెండడుగుల జాగాలో మట్టి కుండ పెట్టాడు. కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం వేసి ఎరువు చేద్దామని.

వారం తిరిగేసరికి ఎదురు తలుపు ధడాలున తెరుచుకుంది. సొలొమోను సారు కూతురు ఎల్సీ, చున్నీతో ముక్కు మూసుకుని.

“ఏందయ్యా, కుండల ఎవర్నన్న సంపి పెట్టినవా?”

“వాసనొస్తుందా? నాకు తెల్వది. ముక్కు పనిచెయ్యది.”

నవ్వబోయిన పిల్ల నవ్వలేదు. వంగి చూసింది.

“తడి ఎక్కువైంది. ఎండుటాకులెయ్యి, రోజూ కలుపు. వాసన నేను సూసి చెప్త.”

ఇంక రోజూ పొద్దున ఆమె కుండ మీదికి వంగేది, అతడు ఆమె ముఖం చూసేవాడు.

“ఇయ్యాల పుల్ల మజ్జిగ.”

“ఇయ్యాల తడిసిన గోనెసంచి.”

ఆమె చెబుతుంటే, పోయిన వాసనలు ఒక్కొక్కటే తిరిగొస్తున్నట్టుండేది అతడికి.

వానలకు ముందు ఎల్సీకి సుల్తాన్‌పూర్‌లో, సిరంజీల కంపెనీలో ఉద్యోగం వచ్చింది. హాస్టల్‌కు పోతూ, “కుండల తొలివాన మట్టి వాసనొస్తే ఎరువు అయినట్టు. అప్పుడు ఫోన్ చెయ్యి,” అంది.

అతడు చేయలేదు. ఎట్లా చేస్తాడు, వాసన తెలియదాయె! రోజూ మూత తీసి, ముఖమంతా కుండలో పెట్టి ఊపిరి పీల్చేవాడు. ఏమీ లేదు. ఫోన్‌లో ఆమె పేరు దాకా వెళ్ళిన వేలు అక్కడే ఆగేది. వాన పడితే చాలు, తాళం వేసి లేకున్నా ఎదురిల్లు ఖాళీగా కనిపించేది. అట్లా రెండు నెలలు.

చివరికి ఒక ఆదివారం, చర్చి నుంచి వచ్చీ రాగానే టిఫిన్ డబ్బాలో గుప్పెడు ఎరువు వేసుకుని హాస్టల్ గేటు ముందు నిలబడ్డాడు.

“ఏం తెచ్చినవ్, బిర్యానీయా?” అంటూ మూత తీసింది ఎల్సీ. కళ్ళు మూసుకుంది. గట్టిగా ఊపిరి పీల్చింది.

“ఇది ఎప్పుడో అయిపోయింది, ఎబెనేజర్.”

“నాకెట్ల తెలుస్తది?”

“తెల్వదనే కదా గట్ల చెప్పిన! అయ్యిందా లేదా అని అడగనీకన్న రోజూ ఫోన్ చేస్తవనుకున్న. రెండు నెలల సంది ఫోన్ పక్కల పెట్టుకుని పంటున్న, పిచ్చోడా!”

అతడి చెవులు ఎర్రబడ్డాయి.

“రేపు కొత్త కుండ పెడ్తున్న. వాసన సూసేటోళ్ళు లేరు. దాని తర్వాత ఇంకోటి పెడ్త. బతికినన్ని రోజులు పెడ్తనే ఉంట.”

ఎల్సీ డబ్బా తిరిగి ఇవ్వలేదు. రెండు చేతులా గుండెకు ఆనించుకుంది.

“మా నాయిన ఇంట్లనే ఉన్నడు. జల్దీ పోయి అడుగు,” అంది. అతడు రెండడుగులు వేశాడో లేదో, వెనక నుంచి మళ్ళీ కేకేసింది. “జెర చేతులు కడుక్కుని పో!”