లాయరు గారి నల్లకోటు

పొద్దున్నే దుకాణం తలుపు తీసి, అమ్మను కిటికీ పక్కన కుర్చీలో కూర్చోబెట్టి, దర్జీ టీ తాగడానికి వెళ్లాడు. ఆవిణ్ణి ఇంట్లో ఒంటరిగా వదల్లేక ఆర్నెల్లుగా వెంటబెట్టుకొస్తున్నాడు. ఒకప్పుడు ఈ దుకాణం ఆవిడదే. అతనికి సూదిలో దారం ఎక్కించడం నేర్పిందీ ఆవిడే. ఇప్పుడు కొడుకునే పట్టుకుని "నువ్వెవరబ్బాయివి?" అని అడుగుతుంది.

తిరిగొచ్చేసరికి లాయరు గారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. అమ్మ ఒళ్లో ఆయన నల్లకోటు, చేతులు రెండూ ఊడదీసి ఉంది.

"పదిన్నరకి కోర్టయ్యా. అది నా కోటేనా?"

దర్జీకి ఒళ్లు మండిపోయింది. కోటు లాక్కున్నాడు. ఆ విసురుకి ఆవిడ చేతిలో కత్తెర కిందపడింది.

"నిన్నంతా కూర్చుని కుట్టాను. ఊరికే కూర్చోవడం కూడా రాదా నీకు?"

"ఎవరావిడ?" అన్నారు లాయరు గారు.

అమ్మ అని చెప్పడానికి నోరు పెగల్లేదు. మతి తప్పిన మనిషి చేతికి బట్టలు చిక్కుతాయని తెలిస్తే ఇక్కడికి ఎవరొస్తారు?

"ఎవరో పక్క వీధావిడండి. పోనీలే పాపమని కూర్చోనిస్తే, ఇదీ వరస."

అమ్మ ఖాళీ ఒళ్లోకి చూసుకుంటూ కూర్చుంది.

అతను కోటు మిషను మీద పరిచాడు. ఒక చెయ్యి అప్పటికే పిన్నులతో నిలబెట్టి ఉంది. అది కుడిచెయ్యి, కుడివైపే ఉంది. నిన్న తను దాన్ని ఎడమవైపు కుట్టాడు. నలుపు మీద నలుపు, పైగా తొందర, సుద్ద గుర్తులు చూసుకోలేదు. అలాగే తొడుక్కుని జడ్జి ముందు చెయ్యెత్తితే లాయరు గారి కోటు చెవుల దాకా లేచేది. అమ్మ మాత్రం బట్టకు చిన్న గాటైనా పడకుండా విప్పింది.

సిగ్గుతో అతనికి తల పైకి లేవలేదు. అబద్ధమాడిన నోరు చేదుగా అనిపించింది.

"లాయరు గారూ, ఆవిడ మా అమ్మ," అన్నాడు. "చేతులు తారుమారు చేసింది నేను. ఆవిడ సరిచేస్తోంది."

ఆయన నోరు తెరిచేలోపే అమ్మ లేచొచ్చి ఇద్దరి మధ్యా నిలబడింది.

"వాణ్ణేమీ అనకండి బాబూ. పనికి కొత్త. నేర్చుకుంటాడు."

చిన్నప్పుడు అతను బట్ట పాడుచేసిన ప్రతిసారీ ఆవిడ ఇదే మాట అనేది. పాతికేళ్ల నుంచి కుడుతున్న దర్జీకి కళ్లనీళ్లు ఆగలేదు.

లాయరు గారు గడియారం చూసుకుని బల్ల మీద కూర్చున్నారు. "ఇంకా గంటుంది. కానివ్వండమ్మా."

దర్జీ కిందపడ్డ కత్తెర తీసి అమ్మ చేతిలో పెట్టాడు.

"చెప్పమ్మా, ఇప్పుడేం చెయ్యాలి?"