నాలుగు మడతల చీటీ

చిన్నకొడుకు బురద బూట్లతోనే ముందుగదిలోకి వచ్చి గోడకి జారగిలబడ్డాడు. ఇంకో రోజైతే ఇల్లంతా పాడుచేశావని ఆ తల్లి నాలుగు చీవాట్లు పెట్టేదే! ఇవాళ మాత్రం ఆమె ఆ బురద వంక చూడనైనా లేదు. మిల్లు జట్టు కెప్టెన్ ఆ వాలకంలో ఇంటికొచ్చాడంటే సెమీఫైనల్ పోయినట్టే. నాకౌట్ కప్పులో ఒక్కసారి ఓడితే అంతే సంగతులు, మళ్ళీ వచ్చే ఏడాదిదాకా ఎదురుచూపులే.

బస్సు డిపో జట్టు రెండు గోల్స్ కొట్టిందట. వీళ్ళు ఒక్కటీ తిరిగి కొట్టలేకపోయారట. రెండో మైదానంలో రేవు జట్టు కూడా ఇటుక బట్టీ వాళ్ళ చేతిలో పెనాల్టీల్లో పోయిందని చెప్పి, "అన్నయ్య చివరిదాకా బాగానే ఆడాడట," అన్నాడు వాడు నేల చూపులు చూస్తూ. నాలుగేళ్ళలో వాడి నోట అన్నయ్య అన్న మాట రావడం అదే మొదటిసారి. ఆమె చటుక్కున తలెత్తి చూసింది. వాడు అది గమనించలేదు. ఆదివారం డిపో కెప్టెన్ భోజనానికి వస్తాడని, కాస్త మంచి వంట చెయ్యమని చెప్పి లోపలికి వెళ్ళిపోయాడు.

ఆ కప్పుకి మొదటినుంచీ ఉన్న పద్ధతి అది. ఓడిన కెప్టెన్, గెలిచిన కెప్టెన్ని ఇంటికి పిలిచి తన చేత్తో వడ్డించాలి. ఎంత కోపమున్నా పిలవక తప్పదు, ఎంత గర్వమున్నా వెళ్ళక తప్పదు. ఆమె భర్త బతికున్న రోజుల్లో మిల్లు జట్టుకి ఆయనే కెప్టెన్. ఓడి వచ్చినప్పుడల్లా, ఈయన గెలవడం ఎప్పుడు నేర్చుకుంటారో గానీ నన్ను మాత్రం వంట మరిచిపోనివ్వరు అని ఆమె ఇరుగుపొరుగుతో నవ్వుతూ చెప్పేది. అన్నీ తెలిసిన మనిషే! కానీ పది రోజుల క్రితం, ఎవరితో ఎవరు ఆడాలో తేల్చే చీటీలు మడిచేటప్పుడు ఆ పద్ధతి ఆమెకి గుర్తుకు రాలేదు... గుర్తుకొచ్చింది ఒక్క చిన్నోడి మోకాలు మాత్రమే.

నాలుగేళ్ళ కిందట పెద్దకొడుకు మిల్లు జట్టు వదిలి, తను క్రేన్ నడిపే రేవులోని జట్టులో చేరాడు, ఇప్పుడు దానికి వాడే కెప్టెన్. ఆ తర్వాత అన్నదమ్ములు ఎదురెదురుగా ఆడింది ఒకే ఒక్కసారి. అది కప్పు ఆట కూడా కాదు, ఉత్త ప్రాక్టీసు మ్యాచ్. బంతి కోసం ఇద్దరూ కాలు చాపారు, అన్న బూటు తమ్ముడి మోకాలికి తగిలింది. మూడు నెలలు మంచం! చూడ్డానికి వచ్చిన అన్నని, అందరి ముందూ, కావాలనే కొట్టావు అన్నాడు చిన్నోడు. పెద్దోడు అక్కణ్ణుంచే వెనక్కి తిరిగాడు. ఆ రోజు దాటిన గడప మళ్ళీ తొక్కలేదు. ఇద్దరు కొడుకులూ ఒకే ఊళ్ళో ఉండగా, ఇద్దరినీ ఒక్కచోట కూర్చోబెట్టి ఒక్క ముద్ద పెట్టుకోలేని తల్లి బతుకు ఎలా ఉంటుందో పగవాళ్ళకి కూడా తెలియకూడదు!

ఆమె ఫుట్‌బాల్ సంఘం ఆఫీసులో ఇరవై ఏళ్ళుగా టీ కాచి ఇస్తోంది. సెమీఫైనల్‌కి నాలుగు జట్లు మిగిలాక, ఎవరితో ఎవరు ఆడాలో తేల్చే చీటీలు ఎవరు తీయాలన్న దగ్గర గొడవ మొదలైంది. వీళ్ళు తీస్తే వాళ్ళకి అనుమానం, వాళ్ళు తీస్తే వీళ్ళకి అనుమానం. చివరికి సెక్రటరీగారు ఆమెని పిలిచి, "అక్కయ్యా, మీకు రెండు జట్లలోనూ కొడుకులున్నారు. మీకంటే న్యాయంగా ఎవరు తీస్తారు? చీటీలు కూడా మీరే మడిచి తెండి," అన్నారు. అందరూ నవ్వి సరేనన్నారు. టీ గదిలో నిలబడి ఆమె నాలుగు చీటీలూ మడిచింది. కొడుకుల జట్లవి నాలుగేసి మడతలు, మిగతా రెండూ మూడేసి. దేవుడా, అన్నదమ్ములు మళ్ళీ ఎదురుపడకూడదు, మళ్ళీ ఎవరి కాలూ విరగకూడదు అనుకుంటూ, గిన్నెలోంచి మందంగా ఉన్నదొకటి, పల్చగా ఉన్నదొకటి తీసింది. మిల్లు జట్టు ఎదుట డిపో జట్టు. మిగిలిన రెండూ రేవు, ఇటుక బట్టీ. చప్పట్లు కొట్టారు కూడాను! తన చేతులే తనవి కావనిపించి, ఆమె గబగబా కప్పులు కడగడంలో పడిపోయింది.

శనివారం పొద్దున్నే పెద్దకోడలు వచ్చింది, పెద్ద గిన్నె కావాలని. మొగుడు రాకపోయినా ఆ పిల్ల మాత్రం అత్తగారి దగ్గరికి వచ్చిపోతూనే ఉంటుంది. వాళ్ళింటికీ రేపు ఇటుక బట్టీ కెప్టెన్ వస్తున్నాడట. గిన్నె అందుకుని కదలకుండా నిలబడింది.

"చీటీలు తీసే రోజు ఈయన నాలుగుసార్లు ఆఫీసుకి ఫోను చేశారత్తయ్యా. మిల్లు జట్టు పడితే బాగుండునని ఒకటే గొడవ. గెలిస్తే వాడు పిలవాలి, ఓడితే నేను పిలవాలి, ఏదైనా ఒక్క ఇంట్లో కూర్చుని తింటాం అన్నారు. మాకా అదృష్టం లేకపోయింది."

అదృష్టం! దాన్ని తన వేళ్ళతో తడిమి పక్కకి నెట్టింది తనే కదా... కన్నతల్లి చెయ్యాల్సిన పనేనా ఇది! ఇక ఆమె ఆగలేకపోయింది. కోడలితోపాటే బయలుదేరి, నాలుగేళ్ళలో మొదటిసారి పెద్దకొడుకు మెట్లెక్కింది. వాడు లేచి కుర్చీ వేశాడు. ఆమె కూర్చోలేదు. నిలబడే మడతల సంగతంతా చెప్పి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

వాడు మంచినీళ్ళు తెచ్చి ఆమె ముందు పెట్టాడు. వాడికి ఈ ఏడాదితో ముప్పై అయిదు నిండుతాయి, ఆ తర్వాత రేవు జట్టులో చోటుండదు. ఇదే వాడి ఆఖరి కప్పు అని ఆమెకి తెలుసు.

"పోనీ ఊరికే రారా నాన్నా," అంది ఆమె. "ఆట లేకపోతే అన్నదమ్ములు కారా?"

"నాలుగేళ్ళయ్యాక ఊరికే ఎలా వస్తానమ్మా? నేనే రావాలని వాడుంటాడు, వాడే పిలవాలని నేనుంటాను. ఆటైతే ఎవరూ తగ్గక్కర్లేదు, పద్ధతే పిలుస్తుంది."

ఆమె తల దించుకుంది. చిన్నోడికి కూడా చెప్పేస్తానని, వాడి కాళ్ళయినా పట్టుకుంటానని అంటుంటే, పెద్దోడు ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు.

"వద్దమ్మా. ఓడిపోయానన్న బాధ వాడికి ఆర్నెల్లలో పోతుంది. అమ్మే ఇలా చేసిందంటే పోదు. నాకు చెప్పావు, చాలు."

చిన్నప్పుడు తమ్ముడు పలక పగలగొడితే, నేనే పగలగొట్టానని దెబ్బలు తిన్నవాడు! ఇంత మెత్తని మనసున్నవాణ్ణి చూసి తను భయపడిందా? వాడు తమ్ముణ్ణి కొడతాడని అనుమానించిందా? దారంతా ఆమె తనని తాను తిట్టుకుంటూనే నడిచింది.

ఆదివారం డిపో కెప్టెన్ చెప్పిన వేళకే వచ్చాడు. ఈ ఏడే ఈ ఊరికి బదిలీ అయి వచ్చిన ఎర్రబస్సు డ్రైవరు, మర్యాదస్తుడు. పిన్నిగారూ అంటూ అడిగి మరీ రెండోసారి వేయించుకున్నాడు. చిన్నోడు చిరునవ్వుతో పద్ధతి ప్రకారం కూర వేస్తున్నాడు. అదే సమయంలో ఊరి రెండో చివర పెద్దోడు ఇంకో పరాయివాడికి ఇలాగే వేస్తూ ఉంటాడు. ఆమె ఇద్దరు బిడ్డలూ ఒకే పూట, ఒకేలా వంగి, ఎవరెవరికో వడ్డిస్తున్నారు. కళ్ళు తుడుచుకోవడానికి ఆమె వంటింట్లోకి వెళ్ళి, నీళ్ళచెంబుతో తిరిగి వచ్చింది.

"మీ పెద్దబ్బాయి కూడా మంచి ఆటగాడట కదండీ పిన్నిగారూ," అన్నాడు అతిథి. "ఈ పూట కనబళ్ళేదే?"

చిన్నోడి చేతిలో గరిట ఆగిపోయింది. వాడు తల్లి వంక చూశాడు. ఆమె అతిథి గ్లాసులో నీళ్ళు పోసింది.

"ఇవాళ వాడింట్లోనూ భోజనాలేనయ్యా," అంది. "అందుకే రాలేకపోయాడు."