రూటా? లూటీనా?

రండి బిడ్డలారా, నా పక్కకు జరిగి కూర్చోండి. ఆ టీవీ సౌండ్ కాస్త తగ్గించండి. ఇది చెవుల కథ. చెవులిచ్చి వినకపోతే దీని రుచి తెలియదు.

మందమర్రిలో బొగ్గుబాయి కంపెనీ క్వార్టర్లున్నాయి కదా, అక్కడ అబ్రహాం అని ఒకాయన ఉంటాడు. తన కాలమంతా బాయిలోకి దిగి పనిచేసి రిటైరయ్యాడు. ఇప్పుడు కొడుకు జాన్సన్‌కు అదే కంపెనీలో ఉద్యోగం. ఇంట్లో భార్య రిబ్కమ్మ, కోడలు స్తుతి. అబ్రహాం మెథడిస్టు చర్చిలో సంఘ పెద్ద. అబద్ధమంటే అగ్గిలా మండిపడతాడు. బంగారంలాంటి మనిషే కానీ, భూమి లోపల డ్రిల్లు మిషన్ల మోతకూ, బొగ్గు పేల్చే చప్పుడుకూ చెవులు మందగించాయి. ఆ మాట మాత్రం ఎవరు చెప్పినా ఒప్పుకోడు.

"నా చెవులకేమైంది? మీరే నోట్ల గొణుగుతున్నరు" అంటాడు.

ఒకరోజు పొద్దున స్తుతి వంటింట్లో ఉప్మా కలుపుతుంటే వాకిట్లో మామ ఫోన్ మోగింది. మోగడమంటే మోగడమా అది! చినిగిన డప్పులా బరబరమని చప్పున ఆగిపోయింది.

"బిడ్డా, గిదేందే? దీని గొంతు బొంగురుపోయినట్టున్నది!" అని అబ్రహాం అరిచాడు.

స్తుతి చేతిలో గరిటె అట్లాగే ఆగిపోయింది. ఆ ఫోన్ సంగతి ఆ ఇంట్లో ఆమె ఒక్కదానికే తెలుసు మరి.

ఏం జరిగిందంటే, మొన్నటి వానాకాలం రిబ్కమ్మ మంచిర్యాల దవాఖానకు పోయి తిరిగొచ్చి బస్టాండులో దిగింది. స్కూటీ తెమ్మని మొగుడికి ఫోన్ మీద ఫోన్ చేసింది. ఫోన్ ఆయన జేబులోనే మోగింది, ఆయనకే వినపడలేదు. పాపం, వానలో తడుస్తూ నడిచి వచ్చి జ్వరంతో మంచమెక్కింది. "ఫోన్ చెయ్యకపోతివి?" అని ఆయన కోప్పడితే, "యాదికి రాలే" అని తప్పు తన మీద వేసుకుంది. నీకు వినపడలేదంటే ఆ మనిషి చిన్నబోతాడని.

మామకు మిస్డ్ కాల్స్ చూసుకునే అలవాటు లేదు; ఆయన ఫోన్‌లో అవి చూసిన స్తుతికి సంగతంతా అర్థమైంది. ఎవరికీ చెప్పకుండా ఆ ఫోన్ పట్టుకుని మార్కెట్‌లో సాయిచంద్ సెల్‌షాపుకు పోయింది.

"అన్నా, దీని సౌండ్ ఇంకా పెరగదా?"

"కంపెనీ గింతవరకే అని హద్దు పెట్టిందక్కా. రూట్ చేస్తే, అంటే లోపలి సాఫ్ట్‌వేర్ తాళం తీస్తే, ఆ హద్దు తీసెయ్యొచ్చు. గని వారంటీ ఉండదు, మళ్ల నన్ననొద్దు."

"ఏమైతే అదైతది, చెయ్యన్నా."

ఆ సాయంత్రం ఫోన్ మోగితే క్వార్టర్ల లైనంతా బయటికి వచ్చి చూసింది. అబ్రహాం మీసం మెలేశాడు. "చూసిన్రా! తప్పంతా ఫోన్‌దే. నా చెవులు నిక్షేపం!" అన్నాడు. స్తుతి నవ్వాలో ఏడవాలో తెలియక బిందె పట్టుకుని నల్లా దగ్గరికి పోయింది.

అట్లా కొన్నాళ్లు గడిచాక, ఇదిగో, స్పీకర్ చినిగింది. షిఫ్టు దిగి వచ్చిన జాన్సన్ తేలిగ్గా అనేశాడు. "పరేషాన్ ఎందుకు బాపూ? కొని ఏడాది కాలే గదా, వారంటీ ఉన్నది. స్తుతీ, బాపును సర్వీస్ సెంటర్‌కు తోల్కపో."

వారంటీ ఎప్పుడో పోయిందని స్తుతికి తెలుసు. స్నానం చేసి తయారవుతున్న మామకు తెలియకుండా ఫోన్ పట్టుకుని సాయిచంద్ దగ్గరికి పరుగెత్తింది.

"అన్నా, మొదట ఉన్నట్టే చేసియ్యవా?"

"చేస్త గని అక్కా, ఒకసారి తాళం తీసినట్టు గుర్తు లోపల ఉండిపోతది. పచ్చబొట్టు లెక్క. కడిగితే పోతదా?"

మంచిర్యాల బస్సులో దారి పొడవునా స్తుతికి ఒకటే బుగులు. పెళ్లయి వచ్చిన కొత్తలో, "కోడలు కాదు, నా బిడ్డ. నాకు అబద్ధం చెప్పదు" అని సంఘంలో అందరి ముందు అన్నాడాయన. ఇవాళ ఆ మాట ఏమవుతుందో!

సర్వీస్ సెంటర్‌లో జ్యోతిరాణి అని ఒకమ్మాయి ఫోన్‌ను కంప్యూటర్‌కు తగిలించి చూసింది. "అంకుల్, దీన్ని రూట్ చేశారు" అంది.

అబ్రహాం ముఖం జేవురించింది. "ఏందీ? లూటీ చేసిన్నా?"

"లూటీ కాదంకుల్, రూట్..."

"మళ్ల అంటున్నవ్! చర్చిల కానుకల సంచి పట్టే చెయ్యమ్మా ఇది! నా కొడుకు కొనిచ్చిన ఫోన్ నేను లూటీ చేసుడేంది? పిలువు మీ మేనేజర్ను!"

టోకెన్లు పట్టుకుని కూర్చున్న జనమంతా మెడలు సాచి చూశారు. ఆ అమ్మాయి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మా ఇంట్ల తప్పు పని చేసెటోళ్లు లేరు. అడుగు, గీ నా కోడల్ని అడుగు!"

స్తుతి తల వంచుకుంది. "మామా, నేనే చేపిచ్చిన" అంది మెల్లగా.

"ఆఁ?"

"నేనే... చేపిచ్చిన మామా."

"జర గట్టిగ చెప్పు బిడ్డా, గీ పిల్లకు వినపడాలె!"

ఇక లాభం లేదని స్తుతి గుండెల నిండా గాలి పీల్చుకుంది. "మామా! లూటీ కాదు, రూట్! చేపిచ్చింది నేనే! మీకు ఫోన్ వినపడ్తలేదని సౌండ్ పెంచిపిచ్చిన! గందుకే స్పీకర్ చినిగింది!"

సెంటరంతటికీ వినపడింది. చెవిటివాడి దగ్గర తప్పు ఒప్పుకోవడమంటే అంతే బిడ్డలారా, ఊరందరి ముందూ ఒప్పుకున్నట్టే!

జ్యోతిరాణి నిదానంగా, గట్టిగా చెప్పింది. "సాఫ్ట్‌వేర్‌తో సంబంధం లేకుండా ఏదైనా పాడైతే వేరుగా చూసేవాళ్లమేమో అంకుల్. కానీ మార్చిన సాఫ్ట్‌వేర్ వల్లే ఈ స్పీకర్ పోయింది. మా వారంటీ దీనికి రాదు. ఖర్చు మీరే పెట్టుకోవాలి."

"నిన్ను ఊకెనే అంటిని బిడ్డా, మనసుల పెట్టుకోకు" అని ఆమెకు దండం పెట్టి, కోడలి వైపు తిరిగాడు. "నాకు వినపడ్తలేదని నీకెవరు చెప్పిన్రు?"

స్తుతి ఆ వాన రోజు సంగతంతా చెప్పేసింది.  తిరుగు బస్సులో అబ్రహాం కిటికీ బయటికే చూస్తూ కూర్చున్నాడు.

ఇంటికి రాగానే నేరుగా రిబ్కమ్మ ముందు నిలబడ్డాడు. "రిబ్కా, గా వాన నాడు నాకు ఫోన్ చేసినవా?"

రిబ్కమ్మ కోడలి వైపు చూసింది. దాచి లాభం లేదనుకుంది. "చేసిన. వేలు నొచ్చేదాక చేసిన."

"మరి నాకు చెప్పొద్దా?"

"చెప్తే నీకు వినపడాలె గదయ్యా!"

ఆయన గుడ్లప్పగించి చూశాడు. ముందు మీసం కదిలింది, తర్వాత భుజాలు కదిలాయి, ఆ తర్వాత ఒకటే నవ్వు. నవ్వీ నవ్వీ ఆ నవ్వు కాస్తా ఏడుపైంది. తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు.

"జ్వరంల పండి కూడ నా పరువే కాపాడినవా? నాకెర్కలేదా నా చెవుల సంగతి? ఒప్పుకుంటే ముసలోన్నైతనని భయమే, గంతే" అన్నాడు. స్తుతి కంగారుగా కాళ్ల మీద పడబోతే భుజం పట్టి లేపాడు. "నీ తెలివికి దండమే బిడ్డా! ఖరాబైంది నా చెవులైతే, రిపేరు ఫోన్‌కు చేపిస్తవా?"

స్తుతి ఏడుస్తూనే పకపకా నవ్వింది.

మరుసటి వారం కరీంనగర్ పోయి చెవి మిషన్ పెట్టించుకొచ్చారు. తెల్లారి రిబ్కమ్మ వంటింట్లో చింతపండు పిసుకుతూ అలవాటుగా గొణిగింది. "చెవులకు మిషనొచ్చింది. గీ మనిషి మొండితనానికి ఏ మిషన్ దొరుకుతదో!"

"ఏమంటివే?" అని వాకిట్లోంచి కేక!

రిబ్కమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఇన్నేండ్ల సంది నన్ను గిట్లనే తిడుతున్నవా?"

"లగ్గమైన నాటి సంది!" అంది రిబ్కమ్మ ధైర్యంగా.

"మరి ఆపకు" అన్నాడు అబ్రహాం, కుర్చీ వంటింటి గుమ్మం దాకా జరుపుకుని. "మొదటి సంది చెప్పు. నేనేం మిస్సైన్నో వినాలె."

అదీ సంగతి. ఈ కథను మరిచిపోకండి బిడ్డలారా. మీ ఇంట్లో తాతలకూ నానమ్మలకూ చెప్పండి. కానీ అవతలి గదిలోంచి అరిచి చెప్పకండి. దగ్గర కూర్చుని, వాళ్ల ముఖం చూస్తూ, నిదానంగా చెప్పండి.